లంకెబిందెలు మిషన్‌లో ఉండవండీ

ఈమధ్య మన తెలుగువాళ్ల ఇళ్లల్లో, ముఖ్యంగా ఇక్కడ అమెరికాలో, మగవాళ్లకి కొత్త పిచ్చి ఒకటి పట్టుకుంది. మెటల్ డిటెక్టింగ్. చేత్తో ఒక మిషన్ పట్టుకుని, పార్కుల్లోనూ పాత ఇళ్ల పెరళ్లలోనూ బీచుల్లోనూ నేలమీద అటూ ఇటూ ఊపుకుంటూ, అది "టింగ్" అన్నచోట తవ్వి నాణేలు ఏరుకోవడం.

పిచ్చి అన్నానని నాకు ఆ ఆట గిట్టదనుకునేరు. పన్నెండేళ్ల పిల్లాడు ఫోను ఇంట్లో వదిలేసి, నాన్నతో కలిసి రెండు గంటలు ఎండలో నడిచి, మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకుతుంటే వద్దనే తల్లి ఎవరుంటారు? నా పోట్లాటంతా ఆ ఆటకి ముందు జరిగే తంతుతో. అదే, పోలికలు. ఏ మిషన్ ఎంత లోతు చూస్తుంది, దేనికి ఎన్ని ఫ్రీక్వెన్సీలు, దేనికి పెద్ద కాయిల్. మా వారూ ఆయన స్నేహితులు ఇద్దరూ కలిసి నాలుగు నెలలుగా ఎక్సెల్ షీటు నింపుతున్నారు. ఇప్పటికి పద్నాలుగు మిషన్లు, ఇరవై రెండు నిలువు వరసలు అయ్యాయి. ముగ్గురూ కలిసి ఒక్క గజం నేల వెతికింది లేదు. పిల్లాడు అడగడం మానేశాడు. నా కోపం అక్కడ.

అందుకే ఆ షీటు తప్పని గట్టిగానే చెప్పదలుచుకున్నాను. లెక్కలు తప్పని కాదు, పోల్చాల్సినవాటిని పోల్చలేదని. 250, 300 డాలర్లకొచ్చే మిషన్‌కీ 900 డాలర్లదానికీ ఉన్న తేడా, మనలాంటి కుటుంబం వెతికే పార్కు నేలలో మూడొంతులు తేలిపోతుంది. కావాలంటే ఒక్కొక్క వరసా చూద్దాం.

మొదటిది లోతు. మగవాళ్లు ముందు చూసేది అదే. ఈ మిషన్ ఎలా పనిచేస్తుందో మనకి చెప్పక్కర్లేదు, వంటింట్లో ఇండక్షన్ స్టవ్ ఉన్న ప్రతి ఇల్లాలికీ తెలుసు. స్టవ్ కింద తీగచుట్ట ఉంటుంది. అందులో కరెంటు అటూ ఇటూ మారుతుంటే పైన పెట్టిన గిన్నె అడుగున కూడా కరెంటు పుడుతుంది, గిన్నె వేడెక్కుతుంది. డిటెక్టర్ కర్ర చివరన ఉండే చక్రం కూడా అలాంటి తీగచుట్టే. అది నేలలోకి అయస్కాంత క్షేత్రాన్ని పంపితే, కింద నాణెంలో కొద్దిపాటి కరెంటు పుట్టి, నాణెం తనవంతుగా ఇంకో చిన్న క్షేత్రాన్ని వెనక్కి పంపుతుంది. మిషన్ వినేది దాన్నే.

ఇప్పుడు ఆ గిన్నెని స్టవ్ మీదనుంచి రెండంగుళాలు పైకెత్తండి. స్టవ్ ఆగిపోతుంది కదా? ఇక్కడా దూరం దెబ్బ అలాగే ఉంటుంది. పోయేటప్పుడూ బలం తగ్గుతుంది, వచ్చేటప్పుడూ తగ్గుతుంది. చిన్న నాణెం విషయంలో లోతు రెట్టింపైతే తిరిగొచ్చే సంకేతం సుమారుగా 64వ వంతుకి పడిపోతుంది. అంటే రెట్టింపు లోతు చూడాలంటే మిషన్ 64 రెట్లు గట్టిగా వినగలగాలి. మూడు రెట్లు డబ్బు పోస్తే ఒకటి రెండు అంగుళాలు ఎక్కువ వస్తాయేమో, అదీ నేల సహకరిస్తే. జార్జియాలాంటి చోట్ల ఇనుము పాలు ఎక్కువున్న ఎర్రమట్టిలో ఆ ముచ్చటా ఉండదు.

అసలు పార్కులో జనం పారేసుకున్న చిల్లర ఎక్కడుంటుంది? ఎక్కువభాగం పైన మూడు నాలుగు అంగుళాల్లోనే. మామూలు నేలలో ఆరంగుళాల లోతున్న డైమ్ నాణెం చవక మిషన్‌కీ వినిపిస్తుంది. మరి తొమ్మిదంగుళాల కింద ఉన్నదానికోసం ఊరి పార్కు పచ్చికలో అంత గొయ్యి ఎవరు తవ్వనిస్తారు?

రెండో వరస ఫ్రీక్వెన్సీ. గ్యారెట్ ఏస్ 300 ఒకే ఫ్రీక్వెన్సీ మీద, 8 కిలోహెర్ట్జ్ మీద నడుస్తుంది. నోక్టా సింప్లెక్స్ ప్లస్ 12 కిలోహెర్ట్జ్. మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ 800 ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలు పంపుతుంది. వినడానికి "ఒకటి ఎక్కువా, చాలా ఎక్కువా" అన్నంత తేలిక లెక్కలా ఉంటుంది. కానీ తక్కువ ఫ్రీక్వెన్సీ వెండి, రాగిలాంటి బాగా కరెంటు పారే లోహాలకి బాగుంటుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ సన్నటి బంగారానికి బాగుంటుంది. మన ముగ్గురు మగవాళ్లూ వెతుకుతామంటున్నది ఏమిటి? 1964 దాకా అచ్చైన డైములు, క్వార్టర్లు. వాటిలో 90 శాతం వెండి. 8 కిలోహెర్ట్జ్ మిషన్ అలాంటివాటిని హాయిగా పడుతుంది. వెతికేది వెండి అయినప్పుడు, ఉప్పునీటి ఇసుకలో నెగ్గుకొచ్చే సత్తాకి 600 డాలర్లు అదనంగా ఎందుకు?

మూడోది చెత్తని వడకట్టే సదుపాయం. దీన్ని డిస్క్రిమినేషన్ అంటారు. ఇది మాత్రం మన ఆడవాళ్లు బాగా తెలుసుకోవాలి. మిషన్ ప్రతి లోహానికీ తెరమీద ఒక అంకె చూపిస్తుంది. మేకులకి ఒక అంకె, పెన్నీలకి ఒకటి, క్వార్టర్‌కి ఒకటి. చెత్త అంకెలు వినపడకుండా మూసేయొచ్చు. "ఖరీదైన మిషన్ చెత్తని బాగా వడకడుతుంది, తవ్వే పని తగ్గుతుంది" అని వీళ్ల వాదన. సరే. పార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువ దొరికే చెత్త ఏమిటో తెలుసా? కూల్ డ్రింకు డబ్బాల మూతికుండే అల్యూమినియం రింగులు, పుల్ ట్యాబులు. వాటి అంకె ఎక్కడ పడుతుందో తెలుసా? సరిగ్గా ఐదు సెంట్ల నికెల్ నాణెం పక్కన, బంగారు ఉంగరాల పక్కన. ఈక్వినాక్స్‌లో నికెల్ 12, 13 దగ్గర పలుకుతుంది. పుల్ ట్యాబులూ ఆ చుట్టుపక్కలే పలుకుతాయి. లోహం ఎంత బాగా కరెంటు పారనిస్తుంది, ఎంత పెద్దది, ఎంత మందం అన్నవన్నీ కలిపి వచ్చే అంకె అది. అల్యూమినియం ముక్కా, చిన్న ఉంగరమూ కలిపి తూస్తే ఒకచోటకే వస్తాయి. 300 డాలర్ల మిషన్‌కైనా 1000 డాలర్ల మిషన్‌కైనా అదే కథ. చెత్త మూసేస్తే బంగారమూ మూసుకుపోతుంది. పుల్ ట్యాబులు తవ్వి తీసే ఓపిక ఉన్నవాడికే ఉంగరం దొరుకుతుంది.

ఇంకోమాట. ఎవరి ఇంట్లోనైనా పెరట్లో సన్నటి గొలుసో, చెవి దిద్దో పోతే, "మిషన్ ఉందిగా" అని ధీమాగా ఉండకండి. గొలుసు మొత్తం ఒక ముక్కగా మిషన్‌కి కనపడదు. ఏ లింకుకి ఆ లింకు విడివిడిగా, చీమంత చిన్నగా కనపడుతుంది. చాలాసార్లు కొక్కెం ఒక్కటే పలుకుతుంది. గొలుసు ఎన్ని సవర్లైనా మిషన్‌కి దాని పరువు తెలియదు.

మరి పోల్చాల్సినవి ఏమిటి? ఆ ఇరవై రెండు వరసల్లో లేనివి చెప్తాను.

పిల్లాడి భుజం. ఏస్ 300, సింప్లెక్స్, ఈక్వినాక్స్ మూడూ ఇంచుమించు 1.3 కిలోలు. కాగితం మీద ఒకటే. కానీ కర్ర పొడవు పిల్లాడి ఎత్తుకి తగ్గుతుందా, మోచేతి పట్టీ వాడికి సరిపోతుందా, చక్రం నేలకి అంగుళం ఎత్తున అరగంట ఊపితే చెయ్యి లాగుతుందా అన్నది కొట్టుకి వెళ్లి వాడి చేతికిచ్చి చూస్తేనే తెలుస్తుంది. షీటులో తెలీదు.

వాన. ఏస్ 300కి కింది చక్రం తడిస్తే ఫర్వాలేదు గానీ పైన డబ్బా తడవకూడదు. సింప్లెక్స్ ప్లస్‌ని 3 మీటర్ల నీళ్లలో ముంచినా ఏమీ కాదు. పిల్లలున్న ఇంట్లో నాకు ఇది ఫ్రీక్వెన్సీ కన్నా పెద్ద మాట.

బ్యాటరీ. ఏస్‌కి మామూలు డబల్ ఏ సెల్లులు నాలుగు చాలు, దారిలో ఏ కొట్లోనైనా దొరుకుతాయి. సింప్లెక్స్‌కీ ఈక్వినాక్స్‌కీ లోపలే ఛార్జింగ్ బ్యాటరీ ఉంటుంది. రాత్రి ఛార్జింగ్ పెట్టడం మరిచిపోయే ఇల్లా, కాదా అన్నది మీకే తెలియాలి.

పిన్‌పాయింటర్. చేతిలో పట్టే చిన్న కడ్డీ ఇది. మిషన్ "ఇక్కడుంది" అన్నాక, గోతిలో ఏ మూలుందో చూపిస్తుంది. దీనికీ 100 డాలర్ల పైనే అవుతుంది. షీటులో దీనికి చోటే లేదు. ఇది లేకపోతే నాణెం కోసం గొయ్యి పళ్లెమంత అవుతుంది, పిల్లాడి పలుగు నాణెం మొహం మీద గీత పెడుతుంది. చవక మిషన్, దానితో మంచి పిన్‌పాయింటర్ ఉన్నవాడు, ఖరీదైన మిషన్‌తో వేళ్లతో కెలికేవాడికన్నా రోజు ముగిసేసరికి ఎక్కువ నాణేలు ఇంటికి తెస్తాడు.

ఖరీదైన మిషన్లు దండగని నేననడం లేదు. రెండు చోట్ల వాటికి న్యాయం ఉంది. సముద్రం అంచున తడి ఇసుకలో ఉప్పునీరే లోహంలా కరెంటు పారిస్తుంది. అక్కడ ఒకే ఫ్రీక్వెన్సీ మిషన్ ఊరికే అరుస్తూ ఉంటుంది, చాలా ఫ్రీక్వెన్సీలవి నిలకడగా ఉంటాయి. మీ వారాంతాలన్నీ బీచ్‌లోనే అయితే అలాంటిది కొనండి. అప్పుడైనా మైన్‌ల్యాబ్‌వాళ్ల వాన్‌క్విష్‌లో ఆ పద్ధతి ఈక్వినాక్స్ కన్నా చాలా తక్కువ ధరకే ఉంది. రెండోది భుజం నొప్పి. ఫ్రాన్స్‌లో చేసే ఎక్స్‌పీ డియస్ కిలో లోపే తూగుతుంది. నొప్పులున్న పెద్దవాళ్లకి ఆ డబ్బు దండగ కాదు. ఈ రెండు కారణాల్లో ఏదీ లేనివాళ్లు 900 డాలర్లు పెడితే ఆ డబ్బు నాణేలకోసం పెట్టినట్టు కాదు, స్నేహితుడి గరాజ్‌లో గొప్పకోసం పెట్టినట్టు.

"కొంటే మంచిదే కొనాలి, పదేళ్లుంటుంది" అంటారు. మిక్సీ విషయంలో నేనూ ఒప్పుకుంటాను. మిక్సీ రోజూ తిరుగుతుంది. ఈ మిషన్ మొదటి నెల దాటి గరాజ్‌లోంచి బయటికొస్తుందో లేదో ఎవరికీ తెలియదు. ముందు చవకది కొని, యాభై పుల్ ట్యాబులు తవ్వి, అప్పటికీ విసుగు రాకపోతే పెద్దది కొనండి. యాభై ట్యాబులు తవ్వినవాడికి తనకేం కావాలో షీటు అక్కర్లేకుండానే తెలుస్తుంది. తవ్వకుండానే మిషన్‌ని తప్పుపట్టేవాళ్లకోసం మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, ఆడలేక మద్దెల ఓడు అని.

ఇక ఆ షీటులో అసలే లేని పెద్ద వరస ఒకటుంది. అనుమతి. ఈ దేశంలో నేషనల్ పార్కుల్లో డిటెక్టర్ వాడటమే కాదు, వాడటానికి సిద్ధంగా పట్టుకుని తిరిగినా నేరమే. ఫెడరల్ భూముల్లో వందేళ్లు దాటిన పురావస్తువుల జోలికి వెళితే 1979లో వచ్చిన చట్టం కింద కేసవుతుంది. ఊరి పార్కులకి ఏ ఊరి నిబంధన ఆ ఊరిది. ఒకచోట ఉచితం, ఒకచోట పర్మిట్, ఒకచోట బొత్తిగా కుదరదు. ఒకరి పెరడైతే ఆ ఇంటివాళ్లు ఒప్పుకోవాలి, అదీ కాగితం మీద అయితే మేలు. పార్క్స్ డిపార్ట్‌మెంట్‌కి ఒక ఫోన్ చేస్తే తేలిపోయే విషయం. వీసా మీద నెట్టుకొస్తున్న ఇళ్లల్లో "కేసు" అనే మాట ఎంత బరువో నేను చెప్పాలా? ముగ్గురు ఇంజనీర్లు నాలుగు నెలలు లోతులు కొలిచారు, ఆ ఒక్క ఫోనూ చేయలేదు. చివరికి నేనే చేశాను. మా ఊళ్లో పర్మిట్ కావాలట, ఇస్తారట.

ఈ ఆటలో నేర్పు మిషన్‌లో ఉండదనడానికి ఇంగ్లండ్‌లో జరిగిన ఒక సంగతి చాలు. 1992 నవంబర్‌లో సఫోక్‌లోని హాక్స్‌న్ అనే ఊళ్లో ఒక రైతు పొలంలో సుత్తి పోగొట్టుకున్నాడు. దాన్ని వెతకడానికి రిటైరైన స్నేహితుడొకాయన తన డిటెక్టర్ పట్టుకెళ్లాడు. సుత్తి బదులు రోమన్ల కాలంనాటి బంగారం, వెండి నాణేలు బయటపడ్డాయి. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, మొత్తం తవ్వెయ్యకుండా ఆగి, వెంటనే కబురు పెట్టడం. మర్నాడే పురావస్తు శాఖవాళ్లు వచ్చి, మిగిలిందంతా ఉన్నది ఉన్నట్టుగా తీశారు. దాదాపు 15 వేల నాణేలు, ఏవి ఏ పెట్టెలో, దేని పక్కన ఎలా సర్ది ఉన్నాయో కూడా తెలిసింది. ఆయనకి పెద్ద మొత్తంలో బహుమానం దక్కింది. పోయిన సుత్తి కూడా దొరికి, అదీ బ్రిటిష్ మ్యూజియంకే చేరింది. ఆయన మిషన్ ఏ కంపెనీదో ఎవరూ తలుచుకోరు. ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి గురించి మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఈ మిషన్లు ఇప్పుడు మన సూట్‌కేసుల్లోకి ఎక్కుతున్నాయి. "వదినా, ఈసారి వచ్చేటప్పుడు అలాంటిదొకటి తెచ్చిపెట్టండి, మన పాత పొలం దగ్గర గుడి వెనకాల ఏవో ఉన్నాయంటారు" అని మా మరిది వరస అబ్బాయి ఒకడు అడిగాడు. తేనని చెప్పాను. చెప్పినందుకు నెల రోజులు అలిగాడు, ఫర్వాలేదు.

మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ ఉంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే, ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అన్నది కలెక్టర్‌కి రాసి తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. పది రూపాయలండీ, ఇవాళ ఒక చిన్న టీ ఖరీదు. ఇక్కడ పార్కులో క్వార్టర్ దొరికితే పిల్లాడి జేబులోకి వెళ్లినట్టు అక్కడ కుదరదు. రక్షిత కట్టడాల చుట్టూ అయితే నిషేధాలు ఇంకా గట్టివి. చట్టం సంగతి అలా ఉంచినా, గుప్తనిధుల పేరు చెప్పి పాత గుళ్లలో నందుల కింద, గర్భగుడుల్లో తవ్వి పాడుచేసిన వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉన్నాం. ఆ గోతుల్లోకి నా సూట్‌కేసులోని మిషన్ వెళ్లకూడదు.

పోయేది రాళ్లే అనుకోకండి. గోదావరి ఒడ్డున జగిత్యాల జిల్లాలో కోటిలింగాల ఉంది. అక్కడ దొరికిన నాణేల్లో శాతవాహనుల మొదటి రాజు సిముకుడి పేరున్నవి ఉన్నాయి. శాతవాహనుల తొలి రోజులు ఎక్కడ గడిచాయన్న చర్చలో తెలంగాణకి అంత గట్టి సాక్ష్యం దొరికింది, ఆ నాణేలు ఫలానా మట్టిలో దొరికాయని తెలిసింది కాబట్టే. అదే నాణెం రాత్రిపూట ఎవరో మిషన్‌తో తీసి, చింతపండు పెట్టి తళతళా తోమి, ఏ పట్నంలోనో అమ్మేస్తే? రాగి ముక్క ఒకటి మిగిలేది, మన చరిత్రలో ఒక పేజీ చిరిగిపోయేది.

కాబట్టి మా ఇంట్లో తీర్పు ఇది. 300 డాలర్ల లోపు మిషన్ ఒకటి, పిన్‌పాయింటర్ ఒకటి, చిన్న పలుగు ఒకటి, చెత్త వేసుకోవడానికి నడుముకి సంచీ ఒకటి. పచ్చికని మూడు వైపులా కోసి, మూతలా ఎత్తి, నాణెం తీశాక మళ్లీ మూసి తొక్కాలి. తవ్విన ప్రతి పుల్ ట్యాబూ ఇంటికి తేవాలి, పార్కులో వదలకూడదు. నాణెం దొరికితే మంచినీళ్లతో కడగడం తప్ప, పీతాంబరి జోలికి వెళ్లకూడదు. తోమితే దాని విలువ పోతుంది. ఆ మిషన్ ఈ దేశం దాటి రాకూడదు.

పర్మిట్ శుక్రవారం చేతికొస్తుంది. షీటు మూసేసి, శనివారం పొద్దున్నే పిల్లాణ్ణి కొట్టుకి తీసుకెళ్లమన్నాను. వాడి చేతికి ఏది సరిగ్గా కుదిరితే అదే.